వెనుక హౌసింగ్ పళ్ల లెక్కలోనే లారీ బాడుగ కిటుకు
ఏ సరుకుకు, ఏ దారికి ఏ నిష్పత్తి?

కర్నూలు: కర్నూలు, కడప ప్రాంతాల నుంచి బయటికి వెళ్లే సరుకుల్లో అధిక భాగం బరువెక్కువ, విలువ తక్కువ రకానివే. బేతంచెర్ల, బనగానపల్లె, జమ్మలమడుగు వైపు నాపరాయి, మంగంపేట ముగ్గురాయి, ఎర్రగుంట్ల పరిసరాల సిమెంటు, కర్నూలు యార్డు ఉల్లి - వీటన్నిటిలోనూ చివరి కొనుగోలుదారు చెల్లించే ధరలో లారీ బాడుగ వాటా చిన్నది కాదు. దూరం పెరిగితే రాయి విషయంలో బాడుగే అసలు ధరను మించిపోవడం వర్తకులకు తెలిసిన సంగతే. అయినా బాడుగ బేరంలో డీజిలు ధర, టోలు, డ్రైవరు బత్తా, హమాలీల గురించి గట్టిగా వాదించుకునేవారు లారీ వెనుక ఇరుసులో ఉండే రెండు పళ్లచక్రాల సంగతి అడగడం అరుదు. కొత్త లారీ కొనేటప్పుడు కూడా షోరూములో ఏది సిద్ధంగా ఉంటే దానికే అడ్వాన్సు ఇచ్చి రావడం కద్దు.

వర్తకులకు దీనితో ఏమి పని అనుకోవడానికి లేదు. పది టన్నుల లోడు అంటే 100 క్వింటాళ్లు. ట్రిప్పులో లారీ రూ. 100 డీజిలు ఎక్కువ తాగితే క్వింటాలుకు రూపాయి చొప్పున ఎవరో ఒకరి మీద పడినట్టే. ఈ రోజు యజమాని భరించినా వచ్చే సీజను బాడుగలో అది తిరిగి వర్తకుడి లెక్కలోకే వస్తుంది. 2025 సెప్టెంబరులో కర్నూలు యార్డులో ఉల్లి ధర పడిపోయి, ప్రభుత్వం క్వింటాలు రూ. 1,200 చొప్పున మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోలుకు దిగవలసి వచ్చింది. అటువంటి రోజుల్లో క్వింటాలుకు పది రూపాయల తేడా కూడా సరుకు కదలడానికీ, యార్డులోనే మురగడానికీ మధ్య తేడా అవుతుంది.

క్రౌను, పినియను

ఇంజను తిప్పే తిప్పుడు గేర్ బాక్సు గుండా, ప్రొపెల్లర్ షాఫ్టు గుండా వెనుక హౌసింగ్‌లోకి వస్తుంది. అక్కడ షాఫ్టు చివర చిన్న పళ్లచక్రం పినియను. అది తిప్పే పెద్ద చక్రం క్రౌను. క్రౌను పళ్లను పినియను పళ్లతో భాగిస్తే వచ్చేదే వెనుక ఇరుసు నిష్పత్తి. క్రౌనుకు 41 పళ్లు, పినియనుకు 7 పళ్లు ఉంటే నిష్పత్తి 5.86. అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి షాఫ్టు దాదాపు ఆరు చుట్లు తిరగాలి. 39 పళ్లు, 8 పళ్లు అయితే 4.88. అప్పుడు షాఫ్టు ఐదు చుట్లకు లోపే తిరిగితే సరిపోతుంది.

అంకె పెద్దదైతే లాగుడు ఎక్కువ, పరుగు తక్కువ. అంకె చిన్నదైతే పరుగు ఎక్కువ, లాగుడు తక్కువ. రెండూ ఒకేసారి రావు. అమెరికాలో గుర్రాల బండినో, పడవనో వెనుక తగిలించుకునే పికప్పు కొనేవారు 3.55 కావాలా, 3.73 కావాలా, 4.10 కావాలా అని ముందే తేల్చుకుంటారు. అక్కడ అంకెలు చిన్నవి, ఎందుకంటే బండీ చిన్నది, చక్రమూ చిన్నది. లెక్క మాత్రం బేతంచెర్ల రాయి లారీకీ అదే.

మన దేశంలో లారీలకు చాలాకాలం పెద్ద అంకెలే నడిచాయి. టాటా సంస్థ 1954లో మెర్సిడెస్-బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టిన నాటి నుంచి కొన్ని దశాబ్దాల పాటు ఒంటి రోడ్డు, ఐదు గేర్లు, 40-50 కిలోమీటర్ల వేగం, అనుమతికి మించిన లోడు - ఇదీ పరిస్థితి. ఆ రోజుల్లో ఆరుకు పైబడిన నిష్పత్తి సబబే. నేడు హైదరాబాదు-కర్నూలు-గుత్తి-బెంగుళూరు 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీ గంటల తరబడి ఒకే వేగంతో పోగలదు. పాత అలవాటు ప్రకారం పెద్ద అంకె లారీనే కొని ఈ దారిలో తిప్పేవారు తమకు తెలియకుండానే డీజిలు పారబోస్తున్నారు.

చదును దారి లెక్క

చక్రం మధ్య నుంచి నేల వరకు అర మీటరు అనుకుంటే, పెద్ద లారీ టైర్లకు ఇది దాదాపు సరిపోయే కొలత, ఒక చుట్టుకు 3.14 మీటర్లు పోతుంది. కిలోమీటరుకు 318 చుట్లు. 60 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి కిలోమీటరు గనుక, చక్రం నిమిషానికి 318 చుట్లు తిరుగుతుంది. గేర్ బాక్సు తిప్పుడును మార్చకుండా పంపే గేరులో ఇంజను చుట్లు 5.86 నిష్పత్తికి 1,863. అదే 4.88కి 1,552. పాత కాలపు 6.83 అయితే 2,172.

2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల భారీ ఇంజన్లు చాలావరకు 1,100 నుంచి 1,600 చుట్ల మధ్యనే తమ పూర్తి బలాన్ని చూపుతాయి. ఆ పరిధిలో నడిపితే డీజిలు పొదుపు. అంతకు పైన తిప్పితే శబ్దం, రాపిడి, వేడి పెరుగుతాయి గాని దారి పెరగదు. కనుక చదును దారిలో చిన్న అంకెదే పైచేయి.

కాని ఇక్కడే ఒక మోసం ఉంది. హౌసింగ్ అంకె ఒక్కటే చూసి బేరమాడరాదు. నేటి ఆరు గేర్ల బాక్సుల్లో కొన్నిటికి పై గేరు ఓవర్‌డ్రైవ్. ఉదాహరణకు దాని నిష్పత్తి 0.8 అనుకుంటే, 5.86ను 0.8తో హెచ్చిస్తే 4.69. ఓవర్‌డ్రైవ్ లేని బాక్సుతో 4.88 హౌసింగ్ ఉన్న లారీ కన్నా ఇది ఇంకా నెమ్మదిగానే ఇంజనును తిప్పుతుంది. ఒకరి లారీ 'పెద్ద అంకె', మరొకరిది 'చిన్న అంకె' అని చెప్పుకున్నా రహదారి మీద రెండింటి ఖర్చూ ఇంచుమించు ఒకటే కావచ్చు. కంపెనీ కాగితంలో పై గేరు నిష్పత్తిని, హౌసింగ్ నిష్పత్తిని హెచ్చించి చూడటం రెండు నిమిషాల పని.

రెండో సంగతి, వేగం. 4.88 హౌసింగ్‌కు 0.8 ఓవర్‌డ్రైవ్ కూడా ఉంటే 60 కిలోమీటర్ల వద్ద ఇంజను 1,241 చుట్లే తిరుగుతుంది. నాలుగు వరుసల రోడ్డు మీద ఇది చక్కగా ఉంటుంది. అదే లారీ ఊళ్లూ, స్పీడు బ్రేకర్లూ, గొర్రెల మందలూ ఉన్న దారిలో 45 కిలోమీటర్లకు మించి పోలేకపోతే చుట్లు 930కి పడిపోయి ఇంజను మొరాయిస్తుంది. డ్రైవరు కింది గేరుకు దిగక తప్పదు. అప్పుడు చుట్లు 1,164. పెద్ద అంకె లారీ అదే వేగంలో ఓవర్‌డ్రైవ్‌లోనే 1,118 చుట్లతో పోతుంది. అంటే నెమ్మది దారిలో చిన్న అంకెకు చెల్లించిన తెలివి ఎందుకూ కొరగాకుండా పోతుంది.

పొదుపు ఎంత అనే ప్రశ్నకు ప్రతి లారీకీ వేరే జవాబు. లెక్క తీరు మాత్రం ఇది. లీటరుకు 4.5 కిలోమీటర్లు ఇచ్చే లారీ సరైన నిష్పత్తితో 4.8 ఇచ్చిందనుకుందాం. డీజిలు లీటరు రూ. 100 అనుకుందాం. రానుపోను 800 కిలోమీటర్లకు 11 లీటర్ల పైచిలుకు, అంటే సుమారు రూ. 1,110 మిగులు. పది టన్నుల ఉల్లి మీద క్వింటాలుకు రూ. 11. నెలకు 8 ట్రిప్పులైతే రూ. 8,900 దాకా తేలుతుంది.

ఘాటులో ఏమవుతుంది?

చిన్న అంకె అనగానే లారీ యజమానులు మొదట అడిగేది ఘాటు గురించే. ఆ భయం నిష్కారణం కాదు. కర్నూలు ఉల్లి తాడేపల్లిగూడెం చేరాలంటే ఆత్మకూరు-దోర్నాల మీదుగా పోయినా, నంద్యాల-గిద్దలూరు మీదుగా పోయినా నల్లమల దాటాలి. కడప నుంచి రాయచోటి మీదుగా చిత్తూరుకో, మదనపల్లె మీదుగా బెంగుళూరుకో పోయే రాయి లారీ గువ్వలచెరువు ఘాటు ఎక్కాలి. పైన పాలకోవా కోసం ఆగే లారీల్లో కొన్ని ఇంజను చల్లారడానికి కూడా ఆగుతాయన్నది ఆ దారిన తిరిగేవారికి తెలుసు.

2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఇరుసు భారం పరిమితులను పెంచిన తర్వాత రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెరిగింది. ఈ 18.5 టన్నుల లారీ 16 అడుగులకు ఒక అడుగు లేచే ఎక్కుడులో ఉందనుకుందాం. వాలు దానిని 1,156 కిలోల బరువుతో వెనక్కి లాగుతుంది. టైర్ల రాపిడికి టన్నుకు 10 కిలోల చొప్పున 185 కలిపితే సుమారు 1,340 కిలోలు. అర మీటరు చక్రం గనుక ఇరుసు దగ్గర కావలసిన తిప్పుడు బలం 670 కిలోగ్రాం-మీటర్లు. ఇంజను ఇచ్చేది 70 అనుకుందాం. కంపెనీ కాగితంలో టార్క్ న్యూటన్-మీటర్లలో ఉంటే పదితో భాగిస్తే ఈ అంకె సుమారుగా వస్తుంది. దారిలో పళ్ల రాపిడికి నూటికి 15 వంతులు పోతాయి.

ఈ లెక్కన 5.86 హౌసింగ్ ఉన్న లారీకి గేర్ బాక్సు 1.92 రెట్లు సాయం చేయాలి. 4.88 లారీకి 2.31 రెట్లు. మూడో గేరు నిష్పత్తి 2.4 అనుకుంటే, రెండూ మూడో గేరులో ఎక్కగలవు. అయితే మొదటిదానికి నూటికి 25 వంతుల బలం చేతిలో మిగిలి ఉంటుంది. రెండోదానికి మిగిలేది నాలుగు వంతులే. మలుపులో ఎదురుగా బస్సు వచ్చి కాస్త వేగం తగ్గిందంటే డ్రైవరు రెండో గేరుకు దిగాలి. రెండో గేరు 4.0 అనుకుంటే, 1,600 చుట్ల వద్ద ఆ లారీ గంటకు 15 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పాకుతుంది. పెద్ద అంకె లారీ మూడో గేరులోనే 21 కిలోమీటర్లతో పోతుంది. రహదారి మీద ముందున్నది ఘాటులో వెనుకబడుతుంది.

అయితే నష్టం ఎంత? ఎనిమిది కిలోమీటర్ల ఎక్కుడులో తేడా 9 నిమిషాలు. 400 కిలోమీటర్ల దారిలో 9 నిమిషాల కోసం మిగిలిన దారి అంతటా ఎక్కువ డీజిలు తాగే హౌసింగ్ కొనడం వ్యాపారం అనిపించుకోదు. ఘాటును చూసి లారీ కొనడం పండుగ నాటి ఖర్చును చూసి ఏడాది ఇంటి ఖర్చు లెక్కవేసినట్టే ఉంటుంది.

ఈ మాట అనుమతించిన బరువు వరకే. అదే లారీలో 23 టన్నులు తూగేలా రాయి వేస్తే కావలసిన బలం 834కు పెరుగుతుంది. 5.86 లారీకి 2.39 రెట్లు కావాలి. ఉన్న 2.4తో చచ్చీచెడీ ఎక్కుతుంది. 4.88 లారీకి 2.87 రెట్లు కావాలి గనుక మూడో గేరు మాటే లేదు. ఘాటు అడుగు నుంచి పైదాకా రెండో గేరే. పైకి లాభంగా కనిపించే అదనపు నాలుగున్నర టన్నులు క్లచ్ ప్లేటు, టైర్లు, డీజిలు, చెక్‌పోస్టు జరిమానాల రూపంలో ఖర్చు రాసుకుంటూ పోతాయి. లోడు మీద అదుపు లేనివారికి చిన్న అంకె పనికిరాదు.

దిగుడు సంగతి కూడా చూడాలి. మదనపల్లె టమోటా లారీలు కడప వైపు వచ్చేటప్పుడు లోడుతో ఘాటు దిగుతాయి. పెద్ద అంకె ఉన్న లారీని ఇంజనే ఎక్కువగా పట్టి ఆపుతుంది. చిన్న అంకె లారీ డ్రైవరు ఒక గేరు కింద పెట్టుకుని దిగాలి, ఎగ్జాస్ట్ బ్రేకును వాడాలి. పై గేరులో వదిలి కాలి బ్రేకునే నమ్ముకుంటే డ్రమ్ములు కాగి బ్రేకు పట్టు తప్పుతుంది. టమోటా మార్కెట్టుకు తెల్లవారకముందే చేరాలని డ్రైవరును తొందరపెట్టే కమీషన్ ఏజెంట్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ట్రైలర్లకు లెక్క తిరగబడుతుంది

వెనుక బండి తగిలించుకుని లాగే పుల్లర్ల సంగతి వేరు. 2018 పెంపుతో పెద్ద ట్రైలర్ల మొత్తం బరువు పైపరిమితి 49 నుంచి 55 టన్నులకు వెళ్లింది. 55 టన్నుల ట్రైలర్ పదికి ఒకటి వాలు ఉన్న మలుపులో ఆగిపోయి మళ్లీ కదలాలంటే ఇరుసు దగ్గర 3,025 కిలోగ్రాం-మీటర్ల బలం కావాలి. ఇంజను బలం 100, మొదటి గేరు 7.0 అనుకుంటే 4.88 హౌసింగ్‌తో వచ్చేది 2,904. బండి కదలదు. 5.86తో 3,487 వస్తుంది. కదులుతుంది, అదీ క్లచ్‌ను కొంత కాల్చుకుని.

ఇక్కడ నిమిషాల లెక్క లేదు. కదులుతుందా, లేదా అన్నదే ప్రశ్న. గువ్వలచెరువు మలుపులో ట్రైలర్ అడ్డంగా నిలిచిపోతే వెనుక నిలిచేది ఒక్క లారీ కాదు. ట్రైలర్ కొనేవారు అందుకే తమ దారిలోని అతి చెడ్డ మలుపుతో లెక్క మొదలుపెట్టాలి, చదును దారిని తర్వాత చూసుకోవాలి. తొమ్మిది గేర్ల బాక్సులో అడుగున క్రాలర్ గేరు ఉంటే చిక్కు తీరుతుంది. మొదటి అడుగుకు పన్నెండు రెట్లకు పైబడి బలం ఇచ్చే క్రాలర్లు ఉన్నాయి. క్రాలర్ ఉన్న పుల్లరుకు చిన్న అంకె హౌసింగ్ పెట్టుకోవచ్చు. లేని పుల్లరుకు కూడదు. పుల్లరు ధరలో కొంత తగ్గుతుందని గేర్ బాక్సులో రాజీపడేవారు ఈ ఘాట్ల మీదికి రాకుండా ఉండటం మేలు.

సరుకును బట్టి

ఆదోని పత్తి విషయంలో తలనొప్పి లేదు. విడి పత్తి లోడు చూపుకు కొండంత, కాటా మీద తేలిక. 44వ నంబరు రహదారి ఎక్కి పోయే పత్తి లారీకి చిన్న అంకె నిస్సందేహంగా లాభం. ఉల్లి లారీకి కూడా, హైదరాబాదు వైపు అయితే చిన్న అంకె, తాడేపల్లిగూడెం వైపు నల్లమల దారిలో ఎక్కువ ట్రిప్పులు ఉంటే 5.86తో పాటు ఓవర్‌డ్రైవ్ ఉన్న బాక్సు కుదురుగా ఉంటుంది.

ముగ్గురాయి మరో రకం. నీటి కన్నా నాలుగు రెట్లకు పైగా బరువు గనుక తొట్టి సగం కూడా నిండకముందే అనుమతించిన బరువు పూర్తవుతుంది. ఖాళీ కనిపిస్తోంది కదా అని మరో నాలుగు బొచ్చెలు పోయించుకునే ఆశ ఇక్కడే పుడుతుంది. గని లోపల తిరిగే టిప్పర్లకు పరుగుతో పని లేదు. వాటికి పెద్ద అంకె, వీలైతే చక్రాల దగ్గర కూడా పళ్లుండే హబ్ రిడక్షన్ ఇరుసు తగినవి. అదే ముగ్గురాయి కోడూరు, రేణిగుంట మీదుగా చెన్నై రేవుకు పోయే దారిలో గువ్వలచెరువు వంటి పెద్ద ఘాటు లేదు. గని టిప్పరునే రేవు దాకా పంపితే డీజిలు తాగుడు తప్పదు. రెండు పనులకు రెండు రకాల బండ్లు పెట్టుకోగలిగినవారికి ఒక్క సీజనులోనే తేడా తెలుస్తుంది.

పల్లె నుంచి యార్డుకు ఉల్లి తెచ్చే చిన్న పికప్పులకు హౌసింగ్ ఎంపిక సాధారణంగా ఉండదు. కంపెనీ ఇచ్చిందే తీసుకోవాలి.

పాత లారీ కొనేవారికి

పాత లారీల బేరంలో నిష్పత్తి ఎంతో అమ్మేవారికే తెలియకపోవచ్చు. హౌసింగ్ మీద పలక ఉంటే సరి. లేకుంటే ముందు చక్రాలకు అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, వెనుక చక్రాలు రెండు వైపులా లేపి, షాఫ్టు మీద సుద్దతో గీత గీయాలి. చక్రాలు రెండూ కలిసి పది చుట్లు తిరిగేలోగా షాఫ్టు 58, 59 చుట్లు తిరిగితే 5.86. 48, 49 అయితే 4.88. జాకీ ఒకటే ఉండి ఒక వైపే లేపితే, నేల మీద ఉన్న చక్రం కదలదు గనుక, లేపిన చక్రాన్ని పది కాదు, ఇరవై చుట్లు తిప్పి లెక్కపెట్టాలి. ఈ తేడా తెలియక నిష్పత్తిని సగానికి సగం తక్కువ అనుకునేవారు ఉన్నారు.

టైర్లు కూడా చూడాలి. అసలు కొలత కన్నా చిన్న టైర్లు వేసి ఉంటే చక్రం ఎక్కువ చుట్లు తిరగాలి. అర మీటరు బదులు 48 సెంటీమీటర్లయితే అంకె నూటికి నాలుగు వంతులు పెరిగినట్టే.

కొన్న తర్వాత నిష్పత్తి మార్పించదలచినవారు క్రౌను ఒక చోట, పినియను మరో చోట పాతవి కొని జతచేయరాదు. ఆ రెండూ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి అరగదీసి జతగా చేసినవి. జత తప్పితే హౌసింగ్ ఊళ వేయడం మొదలుపెట్టి కొంతకాలానికి పళ్లు రాలుతాయి. పళ్ల మధ్య సందు సరిగా పెట్టగల మేస్త్రీకి మజూరీ ఎక్కువైనా ఇవ్వాలి. వెనుక రెండు ఇరుసులూ లాగే లారీలో రెండు హౌసింగులకూ ఒకే నిష్పత్తి ఉండాలి. ఒకటి మార్చి మరొకటి వదిలేస్తే రెండూ ఒకదానితో ఒకటి పెనుగులాడి టైర్లను తినేస్తాయి. షాఫ్టు చుట్లను బట్టి వేగం చూపే లారీల్లో నిష్పత్తి మారాక మీటరు తప్పు చూపుతుంది. 2015 నుంచి సరుకు లారీలకు 80 కిలోమీటర్ల వేగ నియంత్రణ పరికరం తప్పనిసరి గనుక, దానిని కూడా కంపెనీ వర్క్‌షాపులో కొత్త అంకెకు సరిచేయించాలి. కొత్త బండ్లలో ఈ పని కంప్యూటరు లేకుండా జరగదు.